రూపాయికి అణా వంతు బోడి

బంగారుపాళ్యం దాటి మామిడి తోటల మధ్య నాలుగు కిలోమీటర్లు పోతే వేరుశనగ పరిశోధనా క్షేత్రం ఒకటి వస్తుంది. అక్కడ పరిశోధించేవారికి జీతాలున్నాయి, పర్యవేక్షించేవారికి జీపులున్నాయి. మొక్కల వేళ్లు కడిగి వాటి బుడిపెలు లెక్కపెట్టే కృపామణికి ఇరవై రెండేళ్లుగా రోజుకూలి ఉంది. అదీ ఎనభై రోజులు ఇచ్చి పది రోజులు ఆపుతారు. ఆపకపోతే ఆమె ఎక్కడ పర్మనెంటు అయి కూర్చుంటుందోనని పెద్దలు పడే బెంగకు ఆఫీసులో ‘బ్రేకు’ అని పేరు.

క్షేత్రంలో డాక్టరేట్లు ముగ్గురికున్నాయి. బుడిపెను గోటితో గిల్లి, లోపల ఎరుపుంటే “పని సేస్తాండాది” అనీ, తెలుపుంటే “తిని కూర్సోనుండాది” అనీ తీర్పు చెప్పగలిగింది మాత్రం కృపామణి ఒక్కతే. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

వేరుశనగ వేరు బుడిపెల్లో కంటికి ఆనని జీవులు కాపురముంటాయి. మొక్క వాటికి చక్కెర పెడుతుంది, అవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. రెండు పక్షాలూ మాట తప్పని ఒప్పందం ఆ ప్రభుత్వ భూమి మొత్తంలో ఇదొక్కటే.

మూడేళ్ల కిందట ఆ ముగ్గురు డాక్టరేట్లలో ఒకరైన జాహ్నవి మేడం రెండు రకాలను సంకరం చేసింది. తల్లికి బుడిపెలున్నాయి, తండ్రికి ఉన్నాయి, పిల్లలకూ వచ్చాయి. మనుమల తరానికి వచ్చేసరికి, కొన్ని మొక్కలు పసుప్పచ్చగా తేలాయి. కృపామణి ఒకటి పెరికి చూసి కేక పెట్టింది.

“మేడం, ఇది బోడిది! ఒక్క బుడిపె లేదు సూడండి!”

మేడం బురదలోనే కూలబడి, సంతోషం పట్టలేక, వివరం చెప్పింది. వేరు ఒక ఇల్లు అనుకుంటే దానికి రెండు వాకిళ్లు. ఏ ఒక్కటి తెరిచి ఉన్నా సూక్ష్మజీవి లోపలికి వస్తుంది. తల్లికి ఒక వాకిలి మూత, తండ్రికి రెండోది మూత, కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదు. రెండు మూతలూ రెండు వైపుల నుంచీ కలిసొచ్చిన మనుమడికే గడప దాటి ఎవరూ రారు. అలాంటిది పదహారింట ఒకటి.

“అంత తిప్పుతారెందుకు మేడం? మా తాత లెక్కలో రూపాయికి అణా,” అంది కృపామణి. ఆ రోజు నుంచి మేడం నోట్సులో సైతం దాని పేరు ‘బోడి’.

“ఆ బోడి చెట్టుతో ఏం పని మణక్కా, కాయలా పాడా?” అని తోటి కూలీ నాగులమ్మ ఎగతాళి చేసింది.

“పక్కనుండే చెట్టు గాల్లోంచి ఎంత తింటాండాదో తెలియాలంటే, గాల్లోంచి ఏమీ తినలేని చెట్టు ఒకటి పక్కనుండాల. ఇది కొలతబద్దే నాగూ. దీన్ని సూసి నవ్వొద్దు.”

అయితే ఆ ఏడాది వేళ్లు చూసే ఆత్రంలో బోడి మొక్కలన్నీ పెరికేశారు. పెరికిన మొక్క విత్తనం ఇవ్వదు. సంచిలో మిగిలిన ఆ తరం గింజలు ఆరు వందల నలభై. అవన్నీ ఈ జూన్‌లో వేశారు. ఇక గింజ లేదు. ఈసారి పెరకకూడదు, ఆకు పసుపు తిరగ్గానే గుర్తు కట్టి, కాయ పండేదాకా కాపాడాలి. మేడం నెల రోజుల శిక్షణకు హైదరాబాద్ పోతూ ఆ పని కృపామణికి ఒప్పజెప్పింది.

విత్తిన ముప్పై ఎనిమిదో రోజున పసుపు ఛాయ కనబడింది. ఆ సాయంత్రమే బ్రేకు ఇచ్చారు. “రెండు రోజులాగండి సార్, గుర్తులు కట్టి పోతా,” అంటే గుమాస్తా నిబంధన చూపించాడు. కృపామణి పది రోజులు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కాయలు కోసి, పదకొండో రోజున వచ్చి గట్టు మీద నిలబడిపోయింది.

చేను పచ్చగా ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకు, ఒక్క పసుపాకు లేకుండా, క్యాలెండరు బొమ్మలా ఉంది.

“యూరియా సల్లినారు మణక్కా,” అంది నాగులమ్మ నేల చూస్తూ. “ఎవురో పెద్దాఫీసరు వస్తాండాడంట. నేనే సల్లినా. సల్లమంటే సల్లినా.”

కృపామణి కాళ్ల మట్టి దులుపుకోకుండా సూపరింటెండెంటు గిరిప్రసాద్ గదిలోకి పోయింది.

“యూరియా ఎందుకేయించినారు సార్?”

“చేను పచ్చగా ఉందా లేదా? అది చెప్పు.”

“ఉండాది. అదే నా కడుపుమంట.”

“పసుపు మొక్కలు కనబడితే పైవాళ్లు ఏమనుకుంటారమ్మా? క్షేత్రం పరువేం కావాలి?”

“అవి పసుప్పచ్చంగా ఉండాలనే కదా సార్ ఏసింది!”

“నాకు నేర్పిస్తావా? ఏం చదివినావు నువ్వు?”

“ఐదు సార్. యూరియా మూట మీద రాసింది సదవడానికి సాలు.”

గిరిప్రసాద్ ఫైలు తెరిచాడు. అది పొమ్మనడానికి ఆయన వాడే మర్యాద.

కృపామణి చేనుకు పోయి మొదటి సాలులో గొంతుక్కూర్చుంది. మొక్క మొదట్లో మట్టిని చూపుడువేలితో తొలిచి, వేరు తడిమి, మళ్లీ మట్టి కప్పాలి. ఊడలు దిగే సమయం, ఒక్క ఊడ తెగితే ఒక కాయ పోయినట్టే. పైగా యూరియా ఊరికే దొరికేసరికి మొక్కలు లోపలి కాపురస్తులను పస్తు పెట్టాయి. బుడిపెలు చిన్నబోయి ఉన్నాయి. ఆవగింజంత బుడిపె తగిలితే అది బోడిది కాదు. ఏమీ తగలకపోతే, మరో పక్క కూడా తడిమి, పాత ఎర్రచీర పీలిక కట్టింది. వేలు తొలుస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది. యూరియాను, ఫైలును, బ్రేకును, దాన్ని కనిపెట్టిన మహానుభావుడి ఏడు తరాలను. నాగులమ్మ పిలవకుండానే వచ్చి పీలికలు చించి ఇచ్చింది.

మూడో రోజు పది గంటలకు కార్లు వచ్చాయి. అప్పటికి ముప్పై ఎనిమిది సాళ్లు అయ్యాయి, రెండు మిగిలాయి. పెద్దాఫీసరు పచ్చదనాన్ని చూసి ప్రసన్నుడయ్యాడు. తర్వాత వంగి, “ఈ ఎర్ర గుడ్డలేమిటి?” అన్నాడు.

“దిష్టికి సార్,” అన్నాడు గిరిప్రసాద్ చిరునవ్వుతో. “మా కూలోళ్ల నమ్మకం. పల్లెటూరి వాళ్లు కదా.”

కృపామణి సాలులోంచి లేచింది. వేళ్ల నిండా మట్టి.

“నేను ఏసయ్యను నమ్మి సెర్చికి పొయ్యేదాన్ని సార్, నాకేం దిష్టి? ఆ గుడ్డలు కట్టినవి బోడి చెట్లు. వాటికి బుడిపెల్లేవు. మీరొస్తారని వాటికి పచ్చరంగేసినారు. మూడేండ్ల పని ఒక్క యూరియా మూటతో మన్నులో కలిపేసినారు. ఇంక గింజలు లేవు సార్. ఈ పీలికలు ఊడితే, ఆ చెట్టు ఇంక మాకాడ లేదు.”

పెద్దాఫీసరు ఆమె మాటలన్నీ శ్రద్ధగా విన్నాడు, గడియారం చూసుకున్నాడు.

“బాగుంది,” అన్నాడు. “ఇలాగే పచ్చగా ఉంచండి.”

కార్లు కదలగానే గిరిప్రసాద్ తిరిగి వచ్చాడు. “రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. మస్టర్‌లో పేరు ఉండదు.”

“రేపు కదా సార్,” అని కృపామణి ముప్పై తొమ్మిదో సాలులో కూర్చుంది. “ఈ పొద్దుకు కూలి ఉండాది. పక్కకు జరగండి, ఊడలు తొక్కుతాండారు.”

ఆయన కింద చూసుకుని, కాలు తీసి గట్టెక్కాడు.

మధ్యాహ్నానికి ఆఖరి సాలు అయింది. చేతులు కడుక్కోకుండానే జాహ్నవికి ఫోను చేసింది.

“ముప్పై ఏడు బోడివి మేడం. గుడ్డలు కట్టినా. ఈ పంటలో కొలత లెక్కలు పొయినట్టే, గింజ మాత్రం ఉండాది. కాయలు పీకే రోజు మీరే వొచ్చి నిలబడండి. ఎవురినీ నమ్మొద్దు.”

“నువ్వుంటావు కదా మణమ్మా?”

“నా పేరు కొట్టేసినారు మేడం.”

జాహ్నవి అంది, “నేను మాట్లాడతాను. పై వాళ్లకు రాస్తాను.”

“రాయండి మేడం,” అంది కృపామణి. “ముందు ఆ ముప్పై ఏడింటి గురించి రాయండి. నా సంగతి సివర్లో రాయండి, సోటు మిగిల్తే.”

ఫోను నాగులమ్మ చేతికిచ్చి, గాలికి వదులైన పీలికను మళ్లీ బిగించడానికి చేలోకి దిగింది.