ఆపరేటర్‌గారు ఆర్పని స్విచ్చు

ఎక్కడ దీపం వెలుగుతున్నా ఆపరేటర్‌గారు ఆర్పేస్తారు. ముప్పై ఏళ్లు సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపిన మనిషికి చీకటి సొంతిల్లు లాంటిది. ఒకసారి పళ్ల డాక్టరు ఆయన నోట్లో వేళ్లు పెట్టి వెతుకుతుంటే, చెయ్యి చాచి పక్కనున్న లైటు ఆర్పేశారట. "పుచ్చింది ఒక్క పన్నే కదండీ, లైట్లు రెండెందుకు?" అన్నారట.

అలాంటి మనిషికి మా సేవా సంఘం ఏరికోరి బ్యాటరీ గది తాళంచెవి ఇచ్చింది. సంఘం మేడ మీద సోలార్ ప్యానెళ్లకు వీధిలో పది ఇళ్లవాళ్లు తలా కొంత డబ్బు వేశారు. అందుకే కరెంటు పోతే, సంఘం వాడుకోగా బ్యాటరీలో మిగిలినదాంట్లో ఇంటికో వాటా. ఆ వాటాల కాపలాదారు ఆపరేటర్‌గారు.

ఇక చూడండి. కుట్టు తరగతిలో ఆడవాళ్లు సూదిలో దారం ఎక్కిస్తుండగా లైటు ఆరేది.

"ఎవరికోసం వెలుగుతోందిది?"

"మాకోసమేనండీ. ఇరవై మందిమి ఉన్నాం."

"కిటికీ వైపు తిరగండమ్మా. సూర్యుడు ఊరికే వస్తున్నాడు."

సౌరశక్తి గొప్పతనం మీద అధ్యక్షులవారు ఉపన్యసిస్తుంటే మైకు కట్టేశారు. "మీ గొంతుకి అది అక్కర్లేదండీ" అన్నారు. అధ్యక్షులు అది పొగడ్త అనుకుని ఇంకో గంట మాట్లాడారు.

అందరూ అంత మంచివాళ్లు కారు. గాలివానకు కరెంటు పోయి రెండు రోజులైంది. ఆకాశం నిండా మబ్బులు. సభ్యులు కోపం పట్టలేక తాళంచెవి లాక్కోవాలని తీర్మానించారు. ఆ పని కార్యదర్శి నెత్తిన పడింది. ఆమెకు పెద్దాయనంటే అభిమానమే. కానీ తీర్మానం తీర్మానమే.

ఆమె వెళ్లేసరికి ఆయన మేడ మీద ప్యానెళ్లు తుడుస్తున్నారు. గది తలుపు తీసే ఉంది. లోపల ఒక స్విచ్చు కింద ఎర్ర సిరాతో, "నాది. ముట్టుకోవద్దు" అని రాసి ఉంది. స్విచ్చు వేసే ఉంది. కార్యదర్శికి ఒళ్లు మండిపోయింది. సంఘంలో అందర్నీ చీకట్లో కూర్చోబెట్టి, తన ఇంటికి మాత్రం ఆపకుండా కరెంటా? టక్కున ఆర్పేసింది. ఆయన కిందికి దిగాక ఏమేం అని కడిగెయ్యాలో మనసులో వల్లె వేసుకుంటూ నిలబడింది.

పావుగంటకు గోడ అవతలినుంచి ఒక గొంతు వినిపించింది.

"ఒరేయ్ ఆపరేటరూ, దిగిపోతున్నానురా."

ఆమె పక్కింటికి పరుగెత్తింది. అది ప్యానెళ్లకు డబ్బు వెయ్యని ఇల్లు. తుంటి విరిగి మంచాన పడ్డ రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్ గాలి పరుపు మీద నెమ్మదిగా కుంగిపోతున్నాడు. పరుపుకు గాలి కొట్టే పంపు ఆగిపోయింది.

"గాలి ఆగకూడదమ్మా. ఆగితే వీపు పుండ్లు పడుతుందన్నాడు డాక్టరు."

"సంఘాన్ని అడగకపోయారా?"

"జీవితమంతా ఇంటింటికీ ఇచ్చి వచ్చినవాణ్ణి. నాకు పుచ్చుకోవడం రాదు. ఆపరేటరు తన ఇంటి వాటాలో మిగిలింది ఇస్తానంటే, సరే, స్నేహితుడే కదా అని ఊరుకున్నాను."

ఆమె వెనక్కి పరుగెత్తి స్విచ్చు వేసింది. ఆపరేటర్‌గారు తడిగుడ్డతో గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"మీ వాటా మొత్తం ఆయనకేనా? మరి మీ ఇంట్లో?"

"మా ఇంట్లో ఎందుకండీ? నేనూ మా ఆవిడా ఒకళ్ల మొహాలు ఒకళ్లం నలభై ఏళ్లుగా చూసుకుంటున్నాం. కొత్తగా చూసేదేముంది?"

"అయితే కుట్టు తరగతి లైటు, మైకు?"

ఆయన తల దించుకున్నారు. "మబ్బు పడితే ఒక్క వాటా చాలదమ్మా. అక్కడో చిటికెడు, ఇక్కడో చిటికెడు..."

కార్యదర్శికి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. "మా ఇంటి వాటాలో సగం అటు తిప్పండి" అంది.

"తిప్పుతాను. వాడికి మాత్రం చెప్పకండి. తెలిస్తే పరుపు దిగి నేలమీద పడుకుంటాడు."

తాళంచెవి ఆయన దగ్గరే ఉండిపోయింది. పోస్ట్‌మ్యాన్‌కు తప్ప వీధిలో అందరికీ సంగతి తెలిసింది. ఆ వారంలోనే మిగతా ఇళ్లన్నీ తలా కాస్త వదులుకున్నాయి. ఆ వానాకాలం మళ్లీ పరుపు కుంగలేదు. పోస్ట్‌మ్యాన్‌కు అనుమానం వచ్చింది.

"ఒక్క ఇంటి వాటా ఇన్ని గంటలు ఎలా వస్తోందిరా?"

"ఆర్పుతాను కదరా" అంటూ ఆపరేటర్‌గారు పోస్ట్‌మ్యాన్ గదిలో లైటు ఆర్పేశారు.

"పేపరు చదువుకుంటున్నానురా."

"పొద్దున్న చదువుకో. వార్తలు ఎక్కడికి పోతాయి?"