గంగాళం మోగితే మేడ పైకి

ఓడలు పోయే పెద్ద కాలువ పక్కన ఉన్న మా పట్నంలో బాలికల పాఠశాలకూ నీళ్ల కేంద్రానికీ నడుమ ఉన్నది ఒక్క గోడ. గోడకు ఇవతల మేము పిల్లలకు అరబ్బీ చదువూ లెక్కలూ నేర్పేవాళ్లం. అవతల, ఉస్తా అని అందరూ పిలిచే పెద్దమేస్త్రీ బయూమీ, ఊరి తాగునీటిలో కలిపే క్లోరిన్ వాయువు సిలిండర్లను కనిపెట్టుకుని ఉండేవాడు. ఆ సిలిండర్ల కొట్టు కప్పు మీద ఒక కొయ్య, దాని చివర ఆయన పాత గలాబియ్యా అంగీ నుంచి కత్తిరించిన చారల చేయి ఉండేవి. గాలి నిండితే ఆ చారల చేయి ఎటు వీస్తోందో అటు చాచుకునేది. వీధిలో చేపలు ఎండబెట్టేవాళ్లు దాన్ని చూసే తట్టలు తిప్పుకునేవారు. అది మా వైపు చాచుకున్న రోజున ఉదయపు గంట కొట్టకముందే గోడ మీదుగా బయూమీ తల కనిపించేది.

"అబ్లా, ఇవాళ గాలి మీదే" అని చెప్పి దిగిపోయేవాడు. టీచరమ్మలను మా ఊళ్లో అబ్లా అంటారు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పేవాడు.

పొట్టి మనిషి, వేళ్లు మాత్రం పొడుగు మనిషివి. షర్కియా పల్లెల నుంచి పదిహేనేళ్ల వయసులో గొట్టాలు మోయడానికి వచ్చి, కోస్తా అనే గ్రీకు మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాడు. గ్రీకులు వెళ్లిపోయినప్పుడు కొట్టు తాళాలు ఆయన చేతికి వచ్చాయి. యుద్ధం వచ్చి ఊరంతా ఖాళీ అయినప్పుడు అందరితో పాటు భార్య జన్నూబాను తీసుకుని జగాజీగ్‌కు వలస పోయాడు. డెబ్బై నాలుగులో మేమంతా తిరిగి వచ్చి, ఎవరి ఇంటి గోడలు ఎన్ని మిగిలాయో చూసుకుంటూ ఉంటే, బయూమీ తన ఇంటికి తలుపు పెట్టించక ముందే కొట్టుకు తలుపు పెట్టించాడు. ఈ సంగతి జన్నూబా చివరిదాకా మరచిపోలేదు, మమ్మల్నీ మరచిపోనివ్వలేదు.

ఆ కొట్టును నేను రెండుసార్లు చూశాను. మా వంటిళ్లేవీ అంత శుభ్రంగా ఉండేవి కావు. మనిషి పొడవున్న ఇనుప సిలిండర్లు ఎండ తగలని నీడలో, దొర్లిపోకుండా ఆపులు పెట్టి, వరుసగా పడుకుని ఉండేవి. ఒక్కొక్కదాని మీద అది వచ్చిన తేదీ సుద్దతో రాసి ఉండేది; ముందు వచ్చినదే ముందు వాడాలి. నూనె డబ్బా, గుడ్డపేలిక, చివరికి టీ గ్లాసు కూడా గడప దాటి లోపలికి పోకూడదు. గాలి పోవడానికి కంతలు నేలకు ఆనుకుని ఉండేవి. పంకా మీట, విషవాయువు పీల్చకుండా వేసుకునే ముసుగుల అలమారా రెండూ కొట్టు తలుపుకు బయట ఉండేవి. ముసుగులు లోపలే పెట్టుకుంటే దగ్గరగా ఉంటాయి కదా అని ఒకసారి అడిగాను.

"ఇంట్లో పాము దూరితే కర్ర ఇంట్లో ఉందని సంతోషిస్తామా అబ్లా?" అన్నాడు.

ఒంటరిగా ఎప్పుడూ లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. వాసన పట్టడానికి ముక్కును నమ్మేవాడు కాదు. ముక్కు కాసేపటికి అలవాటు పడి అబద్ధం చెబుతుందట. కర్ర కొసకు గుడ్డ చుట్టి, అమ్మోనియా నీళ్లలో ముంచి, ప్రతి అతుకు పక్కనా మెల్లగా తిప్పేవాడు. ఎక్కడ తెల్లటి పొగ లేస్తే అక్కడ కారుతున్నట్టు. కారే చోట నీళ్లు పోయడం అన్నిటికన్నా పెద్ద తప్పు అనేవాడు: క్లోరిన్‌కు నీళ్లు తోడైతే ఇనుమును తినేస్తుంది, సూదంత రంధ్రం వేలంత అవుతుంది.

సిలిండరు మార్చిన ప్రతిసారీ అతుకులో కొత్త సీసపు వాషర్ వేయాలి. ఒకసారి నలిగిన సీసం రెండోసారి సరిగ్గా కూర్చోదు. పాతది ఎవరి చేతికైనా చిక్కితే మళ్లీ వాడతారేమోనని, తీసిన వెంటనే దాన్ని గడప రాయి మీద పెట్టి సుత్తితో చితక్కొట్టేవాడు. ఆ ముక్కలను జాలరులు వల అంచులకు బరువుగా కట్టుకునేవారు. ఆ రోజులలో మా కాలువలో పట్టిన చేపలన్నీ బయూమీ సీసంతో మునిగిన వలలలోనివే.

ఇంత జాగ్రత్తపరుడిని ఒక దిగులు తినేసేది. అది మా సైరన్.

యుద్ధకాలం, వలసపోయిన ఊళ్లలో కూడా, మాకు నేర్పిన పాఠం ఒక్కటే: సైరన్ మోగితే నేలమాళిగలోకి దిగాలి. మా పాఠశాల కింద కూడా ఒక మాళిగ ఉండేది. పాలు తాగే పిల్లలకు కూడా ఆ కూత వినిపిస్తే తల్లి కాళ్లు కిందికి పరుగెత్తుతాయని తెలుసు. కేంద్రానికి కొత్తగా వచ్చిన యువ ఇంజినీరు వగ్దీ, క్లోరిన్ కారితే కూడా అదే సైరన్ మోగించాలని ఉత్తర్వు తెచ్చాడు. ఆ కాగితం వచ్చిన మధ్యాహ్నమే బయూమీ మా ప్రధానోపాధ్యాయిని ఫహీమా గదికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"బాంబు పైనుంచి వచ్చేది, కిందికి దిగాం. ఇది కాళ్ల దగ్గర పాకుతూ వస్తుందమ్మా. మామూలు గాలికన్నా రెండున్నర రెట్లు బరువు. పల్లం ఎక్కడుంటే అక్కడికి పోతుంది. సైరన్ మోగిస్తే మీ రెండువందల పదిమంది ఆడపిల్లలు వరుస తప్పకుండా వెళ్లి దాని నోట్లో కూర్చుంటారు" అన్నాడు.

ఈసారి మోగితే పైకి వెళ్లమని అందరికీ కాగితాలు పంచుతామని వగ్దీ చెప్పాడని ఫహీమా అన్నారు.

"కాళ్లు ఏడేళ్లు నేర్చుకున్నది కాగితం మరిపిస్తుందా?" అన్నాడు బయూమీ.

ఆయనకు కావలసినది వేరొక చప్పుడు. వినగానే ఆడవాళ్ల కాళ్లు తమంతట తామే మేడ పైకి ఎక్కే చప్పుడు. మా పట్నంలో ఆడవాళ్లు మేడ ఎక్కేది ఒక్క పనికి: రాగి గంగాళంలో బట్టలు ఉతికి, దాన్ని ఖణేలున బోర్లించి, తడిబట్టలు తల మీద పెట్టుకుని ఆరేయడానికి వెళ్లేవారు. అందుకని ఆయన కన్ను జన్నూబా గంగాళం మీద పడింది. ఆ ఇంటి తగవు వీధంతా విన్నది.

"మా అమ్మ నా పెళ్లికి ఇచ్చిన గంగాళమయ్యా అది. నీ విషపు గాలికి మేళం కట్టడానికి ఇవ్వలేదు."

"నీకు ఉతికే మిషను కొనిపెడతాను."

"పదకొండేళ్లుగా కొంటూనే ఉన్నావు."

మూడో రోజున జన్నూబాయే గంగాళాన్ని చింతపండుతో తళతళా తోమి, నెత్తిన పెట్టుకుని తెచ్చి, గోడకు అవతలి పక్కన ఉన్న ఇనుప మెట్ల దగ్గర కొక్కేనికి వేలాడదీసి పోయింది. ఎందుకు మనసు మార్చుకున్నావని నేను అడిగితే, తన చెల్లెలి కూతురు మా రెండో తరగతిలో ఉందని మాత్రం చెప్పింది.

నేను ఆ గంగాళాన్ని ఒప్పుకోలేదు. పాఠశాల పెళ్లిపందిరి కాదని రెండు పుటల అభ్యంతరం రాసి ఫహీమాకు ఇచ్చాను. ఆమె ఒక్క గురువారం చివరి గంటలో అభ్యాసానికి అనుమతించారు. గంగాళం మోగింది. పిల్లలు పకపకా నవ్వారు. సగంమంది మెట్ల మీద కూర్చుని నవ్వారు. అందరూ పైకి చేరేసరికి నాలుగు నిమిషాలైంది. బయూమీ గోడ మీదుగా చూస్తూ, "నాలుగు నిమిషాలంటే అది దారిలో ఆగి టీ తాగి కూడా వచ్చేస్తుంది" అన్నాడు. ఇకమీదట అక్కర్లేదని ఫహీమా తేల్చేశారు. ఆయన ముఖం చూసి, ఎందుకో తెలియదు, నా ఒక్క తరగతిని ప్రతి గురువారం తీసుకువెళతానని మాట ఇచ్చాను. పైన కాపలావాడి భార్య ఆరేసిన దుప్పట్ల మధ్య పద్యాలు అప్పజెప్పించుకునేదాన్ని. ఆ గురువారాలలో బయూమీ చేతిలోని పని ఆపి వచ్చి, గంగాళం కొట్టి, గడియారం చూసుకునేవాడు.

డెబ్బై ఎనిమిది నవంబరులో కొత్త వాషర్లు అయిపోయాయి. కైరో నుంచి రావలసిన పొట్లం రాలేదు. సోమవారం తెల్లవారగానే, పక్క పట్నపు కేంద్రం నుంచి నాలుగు అరువు తెస్తాననీ, నడుస్తున్న సిలిండరు సాయంత్రం దాకా వస్తుందనీ, తాను తిరిగి వచ్చేదాకా దేనినీ ముట్టవద్దనీ వగ్దీకి చెప్పి బయూమీ రైలెక్కాడు. పది గంటలకు, వాయువు ఎంత మిగిలిందో చూపే ముల్లు పడిపోతున్నట్టు వగ్దీకి తోచింది. ఊరికి క్లోరిన్ లేని నీళ్లు పోతాయేమోనని భయపడ్డాడు. గడప పక్కన ఒక పాత వాషర్ కనిపించింది, నలిగినా గుండ్రంగానే ఉంది. దానితోనే కొత్త సిలిండరు బిగించి వాల్వు తిప్పాడు.

బయూమీ చేతిరుమాలులో నాలుగు వాషర్లు మూటగట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి సైరన్ మోగుతోంది. తలెత్తి చూశాడు. చారల చేయి పాఠశాల వైపు చాచుకుని ఉంది. గాలికి ఎదురువైపున ఉన్న కుడి దారి కొట్టుకు పోతుంది; అలమారాలో ముసుగులు ఉన్నాయి, వగ్దీ ఉన్నాడు, రెండు నిమిషాలలో వాల్వు కట్టేయవచ్చు. ఎడమ దారి గంగాళానికి పోతుంది. కానీ అది గాలి వాలులో, ఆవరణ పల్లంలోంచి పోతుంది. తలపాగా ఊడదీసి కుళాయి కింద తడిపి, మూతికి చుట్టుకుని, ఎడమకు పరుగెత్తాడు.

ఆ సమయంలో నేను మాళిగ మెట్లు దిగుతున్నాను. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ప్రతి గురువారం పిల్లలను పైకి ఎక్కించిన నేను, సైరన్ వినగానే వరుసకు ముందు నిలబడి వాళ్లను కిందికి నడిపించాను. ఏడో మెట్టు మీద ఉండగా గంగాళం మోగింది. నా వెనుక ఉన్న నవాల్ అనే పిల్ల నా కొంగు పట్టి లాగి, "అబ్లా, ఇది గురువారం చప్పుడు" అన్నది. ఆ మాటతో నా తరగతి అంతా, నేను చెప్పకముందే, వెనుదిరిగింది. నలభైమంది పైకి ఎక్కుతుంటే కిందికి దిగడానికి మిగిలినవాళ్లకు దారి లేకపోయింది. ఫహీమాతో సహా అందరూ ఎక్కారు.

మేడ మీది నుంచి చూశాం. పచ్చగా మాగిన పసుపు రంగు నీడ ఒకటి నడిమి గోడ అడుగున ఉన్న కంతలలోంచి వచ్చి, మోకాలెత్తున ఆవరణ దాటి, మాళిగ మెట్ల దగ్గర ఆగినట్టే ఆగి, అలవాటైన ఇంటిలోకి వెళ్లినట్టు మెట్టు తరువాత మెట్టు దిగిపోయింది. నేను పిల్లలకు పద్యం అందించాను. వాళ్లు గట్టిగా చెప్పారు. గంగాళం ఆగేదాకా చెప్పారు.

తరువాత బయూమీ గాలికి ఎదురుగా చుట్టు తిరిగి వెళ్లి, వగ్దీతో కలిసి ముసుగు వేసుకుని లోపలికి పోయి వాల్వు కట్టేశాడు. మరునాడు మాళిగ తెరిచి చూశాం. కాపలావాడి భార్య ఆరబెట్టిన ములూఖియా అనే కూరాకు కట్టలు అక్కడ వేలాడుతున్నాయి. పచ్చని ఆకు ఎండుగడ్డిలా తెల్లబడిపోయి ఉంది. ఫహీమా ఒక రెమ్మ తుంచి తన బల్ల సొరుగులో పెట్టుకున్నారు. ఆ తరువాతి గురువారం నుంచి ఆరు తరగతులూ మేడ ఎక్కాయి. నేను నా రెండు పుటలు అడిగి వెనక్కు తీసుకుని చింపేశాను.

విచారణకు వచ్చిన అధికారులు వగ్దీని నిలదీస్తూ ఉంటే, బయూమీ అడగకుండానే లేచాడట. ఆ వాషర్‌ను తీసింది తానేననీ, గురువారం నాడు అభ్యాసానికి వేళ మించిపోతోందని సుత్తి వేయకుండా గడప పక్కన పెట్టి పరుగెత్తాననీ చెప్పాడు. తాళాలు తీసుకుని ఆయనను ఏడాదిపాటు పంపుల గదికి పంపారు. ఆ ఏడాది చారల చేయి ఎటు తిరిగినా గోడ మీద తల కనిపించేది కాదు. ఉదయం గంట కొట్టబోతూ నేను అటే చూసేదాన్ని. ఆయన తాళాలు ఆయనకే ఇమ్మని మూడుసార్లు అర్జీ పెట్టినవాడు వగ్దీ. తిరిగి వచ్చిన మొదటి రోజున గోడ మీద తల కనిపించింది. మనిషి చిక్కిపోయాడు, మూడు మెట్లు ఎక్కితే దగ్గు. "గాలి మీదే అబ్లా" అన్నాడు. ఆ రోజు గాలి మా వైపు లేనే లేదు.

ఆ దగ్గుతోనే ఇరవై ఏళ్లు బతికాడు, పదవీ విరమణ చేశాడు, పోయాడు. ఉతికే మిషను కొన్నాడు కూడా.

కొన్నేళ్ల కిందట కేంద్రంలో వాయువు మానేసి డబ్బాలలో వచ్చే క్లోరిన్ ద్రావణం మొదలుపెట్టారు. కొట్టు ఖాళీ చేస్తూ, ఇనుప మెట్ల దగ్గర ఉన్న రాగి సామాను ఎవరిదని ఎవరో అడిగారు. జన్నూబాకు కబురు వెళ్లింది. డెబ్బై దాటిన మనిషి, చెల్లెలి కూతురి చేయి పట్టుకుని వచ్చింది. నేనూ వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. గంగాళం నల్లబడి, ఒక పక్క అంతా సొట్టలు పడి ఉంది.

"చూడండి అబ్లా, మా అమ్మ ఇచ్చినదాన్ని ఏం చేశాడో" అన్నది.

రాగి పాత్ర పుచ్చుకునేటప్పుడు బీటలు ఉన్నాయేమోనని మా ఆడవాళ్లు ఎప్పుడూ కొట్టి చూస్తారు. జన్నూబా కూడా అలవాటు కొద్దీ నేల మీద ఉన్న ఒక రెంచి అందుకుని, అంచు మీద ఒక్క దెబ్బ వేసి చెవి ఒగ్గింది. శబ్దం ఖణేలున, ఏ పగులూ లేకుండా, వీధి కొసదాకా పోయింది.

ఆమె రెంచి కింద పెట్టబోతూ తలెత్తింది. నేనూ ఎత్తాను. ఎదురు మేడ మీద నవాల్, పిండి చేతులతో, ఊపిరి ఆడక రొప్పుతోంది. పక్క మేడ మీద ఒకరు, ఆ పక్కన ఇద్దరు, ఆ వీధిలో కాపురమున్న, ఇప్పుడు నలభై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న నా ఆనాటి పిల్లలందరూ ఎవరి మేడ మీదికి వాళ్లు ఎక్కేసి, ఎందుకు ఎక్కారో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. జన్నూబా లెక్కపెట్టింది, పెదవులు కదలడం నేను చూశాను.

"ఎంతసేపు పట్టిందంటారు అబ్లా?" అని అడిగింది.

నిమిషం కూడా పట్టలేదని చెప్పాను. ఆమె గంగాళాన్ని కొంగుతో తుడిచి, తిరిగి ఆ కొక్కేనికే తగిలించమని చెల్లెలి కూతురితో చెప్పింది.