ఎవరి మనిషీ కాని మా కాక

"బిడ్డా, మీ కాక లేస్తలేడు" అని చిన్నమ్మ ఫోన్ చేసేసరికి నేను కరీంనగర్‌లో కాలేజీకి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. పోయాడని ఆమె అనలేదు. డాక్టర్‌ను పిలిచారా అని అడిగితే, "పిలిచిన బిడ్డా, ఆయన సుత లేపలేకపాయె" అంది. అప్పుడు అర్థమైంది. అక్కడే గడపలో కూర్చుని ఏడ్చాను.

కాక మా బాపుకు తమ్ముడు, అమ్మా బాపూ మా చిన్నప్పుడే పోయారు. పేపర్లో వార్త వచ్చేంత పెద్ద మనిషి కాదు. మెట్‌పల్లి దగ్గర మా ఊళ్లో పసుపు, మక్క పండించుకుని బతికాడు. పిల్లలు లేరు, నన్నూ అన్ననూ తన పిల్లలే అనుకున్నాడు. ఈ మధ్య ఏ టీవీ పెట్టినా, తటస్థ ఓటర్లు పెరిగిపోయారు, ఏ పార్టీకీ చిక్కడం లేదు అని ఒకటే చర్చ. పట్నంలో ఏ పార్టీవాడూ కాకుండా ఉండటం పెద్ద పనేం కాదు, పక్కింటివాళ్ల పేరే మనకు తెలియదు. ఊళ్లో అలా బతికి చూడండి. మా కాక బతికాడు. అందుకే ఈ నాలుగు మాటలు.

మా ఊళ్లో ప్రతి ఇంటికీ ఒక పార్టీ ఉంటుంది, ఇంటిపేరు ఉన్నట్టే. పెళ్లికి ఎవరు వస్తారు, పంచాయితీలో ఎవరు మన తరఫున మాట్లాడతారు, కరెంటు పోతే లైన్‌మన్‌కు ఎవరు ఫోన్ చేస్తారు, అన్నీ దాన్నిబట్టే. చివరికి చావు కూడా. మనవాళ్ల చావుకు మనవాళ్లు, వాళ్ల చావుకు వాళ్లు.

మాదీ ఒకప్పుడు పార్టీ ఇల్లే. ఏ పార్టీయో చెప్పను, చెబితే మీరు ఇక్కడే చదవడం ఆపేయొచ్చు. మా వాకిలి ముందు జెండా గద్దె ఉండేది. ఊళ్లో ఏ ఇంటి ఓట్లు ఎటు పడతాయో కాకకు కంఠతా వచ్చు. ఎన్నికలు వస్తే అన్నం కూడా నిలబడే తినేవాడు. చిన్నమ్మ కంచం పట్టుకుని వెనక తిరుగుతూ "ఓట్లు తిని బతుకుతవా ఏంది?" అని తిట్టేది.

మా పక్క చేను మామది అవతలి పార్టీ. చుట్టరికం ఏమీ లేదు, ఊరి వరస. ఇద్దరికీ ఒకటే బావి, ఒకటే మోటారు. నీళ్ల వంతు దగ్గర ఏనాడూ మాట రాలేదు. పొద్దంతా చెరో జెండా కింద అరుచుకున్నా, సాయంత్రం బావి గట్టున కూర్చుని ఒకే చుట్ట పంచుకునేవారు. ఒకసారి ఓటింగుకు ముందు రోజు ఆ మామ గుండె ఆగి చనిపోయాడు. కాక కండువా భుజాన వేసుకుని బయలుదేరాడట. పార్టీ పెద్దలు వాకిట్లోనే ఆపారు. "నువ్వు పోయి పాడె పడితే పొత్తు కుదిరిందంటరు. ఓట్లు చెదురుతయ్. రేపు ఓటింగు అయినంక పోయి కలువు" అన్నారు. కాక ఆగిపోయాడు. డప్పు చప్పుడుతో పాడె మా ఇంటి ముందు నుంచే పోయింది. కాక తలుపు వెనకాల నిలబడి ఉన్నాడని చిన్నమ్మ నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది.

ఆ ఎన్నికల్లో కాక పార్టీ గెలిచింది. గెలిచిన రోజు గులాలు పూయడానికి వచ్చినవాళ్లను వాకిట్లోనే నిలబెట్టి, గద్దె తీసుకుపొమ్మన్నాడు. వాళ్లు నవ్వులాట అనుకున్నారు. మర్నాడు తానే గడ్డపార పట్టాడు. తర్వాత మామ ఇంటికి వెళ్లాడు కానీ మామ కొడుకు తలుపు తీయలేదు. తీయకపోవడం తప్పని నేను అనలేను. కాక కూడా అనలేదు. "వాడు తియ్యకపోతే ఏమాయె, నేను పోవాల్సిన్నాడు పోలే" అన్నాడు.

అప్పటి నుంచి ఊళ్లో ఎవరు పోయినా, ఏ పార్టీవాడైనా, అందరికన్నా ముందు కాక ఉండేవాడు. పచ్చి వెదురు కొట్టుకొచ్చేవాడు, పాడె కట్టేవాడు, మోసేవాడు, స్నానం చేసి ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినేవాడు కాదు. "సావులకే సుట్టం" అని వెక్కిరించేవారు. ఇంకొందరు "గోడ మీది పిల్లి" అనేవారు. ఆ మాటకు మాత్రం కాక ఊరుకునేవాడు కాదు.

"పిల్లి ఎటు దుంకాలెనా అని సూసుకుంట కూసుంటదిరా. నేను దుంకుతలేను గద!"

ఓటు మాత్రం ఏనాడూ మానలేదు. నోటా నొక్కుతావా కాకా అని ఒకసారి అడిగాను. నా మొహంలోకి అదోలా చూశాడు. "ఎందుకు నొక్కుత? గీసారి ఎవలు జర మంచిగున్నరో సూసి ఏస్త. ఏసినంక వాని వెంబడి తిరుగ, గంతే" అన్నాడు. ఎవరికి వేశాడో చిన్నమ్మకు కూడా చెప్పేవాడు కాదు. "ఇన్నేండ్ల సంసారమాయె, గా ఒక్క ముచ్చట చెప్పడు" అని ఆమె నాతో మొత్తుకునేది.

దీనికి కాక చెల్లించుకున్నది తక్కువేం కాదు. పెళ్లి పత్రికలు రావడం తగ్గింది. సంఘం మీటింగుకు పిలవడం మానేశారు. కాక అవేవీ పట్టించుకోలేదు. చిన్నమ్మకు మాత్రం ఒక్కటే దిగులు పట్టుకుంది. పొయ్యి దగ్గరైనా, చేను గట్టునైనా అదే అడిగేది. "అందరి పాడెలు మోస్తున్నవ్. రేపు నీకు మోసేటోళ్లు ఎవలుంటరయ్యా? ఇటోళ్లు అటోడంటరు, అటోళ్లు ఇటోడంటరు."

కాక దేనికైనా "ఫికర్ జెయ్యకు" అనే మనిషి. దీనికి మాత్రం అనేవాడు కాదు. తల దించుకుని తువాలుతో మెడ తుడుచుకునేవాడు. ఆ భయం ఆయనకూ ఉందని నాకు అలా తెలిసింది.

మొదట్లో ఊళ్లో ఆయన ఒక్కడే అలా ఉండేవాడు. తర్వాత్తర్వాత ఓటర్ల లెక్క కోసం ఇల్లిల్లూ తిరిగే పార్టీ పిల్లలు పరేషాన్ కావడం మొదలైంది. బీడీలు చేసే ఆడవాళ్లు అందరికీ తలూపి పంపేవారు. దుబాయి నుంచి తిరిగొచ్చినవాళ్లు "సూద్దాం తియ్" అనేవారు. నస్పూర్‌లో బొగ్గు బావి పని చేసి రిటైరై ఊరికొచ్చిన తాత ఒకాయన, "మస్తు యూనియన్లు సూసిన, ఇగ సాలు" అని ఇంటి తలుపు మీది స్టిక్కర్లన్నీ గీకేశాడు. ఆయనే ఓ రోజు కాక దగ్గరకు వచ్చి, నేనూ మీ పార్టేనయ్యా అన్నాడు. కాకకు కోపం వచ్చింది. "నాదేం పార్టీ? పార్టీ అంటే మల్ల జెండా కావాలె, జెండాకు గద్దె కావాలె. నేను తవ్విందే సాలు!" అని, ఆ వెంటనే నవ్వి చాయ్ పోయించాడు.

అలాంటివాళ్లు పెరిగారు నిజమే. కానీ వాళ్లెవరూ బయటపడి చెప్పేవారు కాదు. రేపు అవసరానికి వస్తారో రారో ఎవరికి తెలుసు?

కాక పోయింది సర్పంచి ఎన్నికల ప్రచారం నడుమ. ఓటింగు ఇంకా రెండు రోజులే. జగిత్యాల మీదుగా బస్సులో, మెట్‌పల్లి నుంచి ఆటోలో నేను ఇల్లు చేరేసరికి కాకను వాకిట్లో పడుకోబెట్టారు. చుట్టూ బీడీల ఆడవాళ్లు, రిటైరైన తాత, మా అన్న. అంతే. బజారులో మాత్రం మనుషులు బాగానే ఉన్నారు. ఇటు ఒక గుంపు, అటు ఒక గుంపు, మెడలో కండువాలతో. మైకులు ఆపేశారు. ఎవరూ లోపలికి రావడం లేదు. ఆయన వాళ్లవాడైతే మనం పోవద్దు, కాకపోయినా మనం ముందు పోతే పొత్తు కుదిరిందంటారు, ఓట్లు చెదురుతాయి. ఇదీ వాళ్ల లెక్క. చావు దగ్గర కూడా ఈ లెక్కేంటని నాకు ఒళ్లు మండిపోయింది.

వెదురు వచ్చింది. పాడె కట్టడం ఎవరికీ సరిగా రాదు, ఊళ్లో అందరికీ కట్టింది కాకే. అన్న కుండ పట్టాలి కాబట్టి మోయడానికి లేడు, మోసే మగవాళ్లు నలుగురు లేరు. చిన్నమ్మ కాక మొహం వైపు చూడటం లేదు, బజారు వైపే చూస్తోంది. ఉన్నట్టుండి లేచి వాకిలి దాకా నడిచింది. ఏడవలేదు. గొంతు కూడా పెద్దగా చేయలేదు.

"మీ పార్టీలను నా ఇంట్లకు తేవద్దు. మీరు రాండ్రి. మీ అవ్వకు, మీ బాపుకు, మీ తాతకు పాడె కట్టినప్పుడు ఆయన ఏ పార్టీ అని అడిగిండా?"

అటు గుంపులోంచి పక్క చేను మామ కొడుకు వచ్చాడు. ఈసారి సర్పంచికి నిలబడింది అతనే. కాకతో మాట లేక ఎన్నేళ్లయిందో. వాకిట్లో బట్టలారేసే తీగ మీద తన కండువా వేసి, కాక కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "మామా" అన్నాడు. తర్వాత లేచి వెదురు చేతికి తీసుకున్నాడు. వెనక ఇంకొకరు, ఇంకొకరు. అటువాళ్లు, ఇటువాళ్లు, ఎటువాళ్లో నాకు తెలియనివాళ్లు. కండువాల బరువుకు తీగ కిందికి వంగింది.

స్నానాలు చేసి అందరూ తిరిగొచ్చాక, దీపం ముందు కూర్చున్న చిన్నమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. "తొవ్వ పొడుగూత భుజాలు మారవట్టిరట గద బిడ్డా? ఒగలు దించకముందే ఒగలు అందుకున్నరట." అవునన్నాను. "నలుగురు దొరుకుతరా అని నేను రోజు ఏడిపిస్తి ఆయన్ను. ఆయన గుడ బుగులు వడె. గిది సూడకనే పాయె" అంటూ అప్పుడు ఏడ్చింది, పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా.

పొద్దుగూకేదాకా ఒక్కొక్కరు వచ్చి, తీగ మీద తమది వెతుక్కుని, తల దించుకుని వెళ్లారు. చాలామంది రాలేదు. చీకటి పడేవేళ నేను బయటికొచ్చి చూస్తే, దిక్కులేని ఆ రంగురంగుల కండువాల నడుమ, నిన్న ఉతికి ఆరేసిన కాక అంగీ ఒకటి గాలికి చేతులు ఊపుతోంది.