చప్పుడు కావాలన్న మోఫట్

ఐవీ ట్రాంటర్‌కి అందరి సంగతులూ కావాలి. ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్ రైల్వే స్టేషన్లో టికెట్లు అమ్మినన్నాళ్లూ, "మంగళవారం పూట ఆష్‌ఫర్డ్‌లో ఏం పనండీ?" అని అడగకుండా ఎవరి చేతిలోనూ టికెట్ పెట్టలేదు. వెనక క్యూలో వాళ్లు సణుక్కున్నా లెక్కచేసేది కాదు. అలాంటి మనిషి, తన కాళ్ల కిందే ఉంటున్న సిరిల్ మోఫట్ గురించి ఏళ్ల తరబడి ఆరా తీయలేదంటే, దానికి కారణం అలక. ఒట్టి మొండి అలక.

ఇల్లు మోఫట్‌ది. కింది వాటాలో ఆయనే ఉంటాడు. పై వాటా ఐవీ కొనుక్కుంది కానీ, లీజు గడువు ఉన్నన్నాళ్లే అది ఆమెది. గడువు తీరితే మళ్లీ ఇంటివాళ్లకే పోతుంది. మోఫట్ అప్పట్లో రొట్టెల బేకరీలో పని చేసేవాడు. రాత్రంతా పిండి పిసికి, పగలు పడుకునేవాడు. ఐవీకేమో చెక్క నేల మీద మోజు పుట్టి పాత కార్పెట్ పీకించేసింది. నిద్ర లేక కళ్లు ఎర్రబడ్డ మోఫట్ మెట్లెక్కి వచ్చి లీజులోని షరతు చూపించాడు. పై వాటా నేలంతా కార్పెట్ ఉండి తీరాలట. ఐవీకి ఒళ్లు మండింది. ఊళ్లోకెల్లా దళసరి కార్పెట్ తెచ్చి, దాని కింద రెండు పొరల రబ్బరు వేయించి, "ఇక హాయిగా బజ్జోండి!" అని ఆయన ముఖం మీదే తలుపు వేసింది. అక్కడితో మాటలు బందయ్యాయి. ఆ ఊళ్లో ఇద్దరు మనుషులు ఎదురుపడి వాన గురించైనా మాట్లాడుకోలేదంటే, అంతకు మించిన వైరం ఉండదు.

ఇప్పుడు ఐవీకి మోకాళ్లు పోయాయి. డోవర్‌లో ఉన్న చెల్లెలు బెరిల్ తన దగ్గరికి వచ్చేయమంటోంది. వాటా అమ్మితే తప్ప వెళ్లడానికి లేదు. లీజు పొడిగిస్తే తప్ప అమ్మడానికి లేదు. గడువు తక్కువున్న ఇంటికి బ్యాంకులు అప్పివ్వవు మరి. పొడిగించాల్సింది మోఫటే. ఒక్క వరస మెట్లు దిగితే చెప్పగలిగిన మాట ఆమె లాయరు దగ్గరికీ, అక్కణ్ణించి బ్రైటన్‌లో ఉన్న ఆయన లాయరు దగ్గరికీ వెళ్లి, తిరిగొచ్చి కింది వాటాలో పడింది.

కొన్నాళ్లకి ఐవీ లాయరు పెంబరీ ఫోన్ చేసింది.

"ఆయన ఒప్పుకున్నారండీ. బేరం కూడా ఆడలేదు."

"అయితే ఏదో తిరకాసు ఉంది."

"ఉంది. కార్పెట్ షరతు కొట్టేయాలట. లేకపోతే సంతకం పెట్టరట."

"ఎవరు, మోఫటే?"

"ఆయనే. పైన చప్పుడు చేయొద్దని గోల పెట్టేవాళ్లని చూశాను గానీ, చప్పుడు కావాలనేవాళ్లని ఇదే చూడటం. ఎందుకని అడిగితే చెప్పరట."

ఐవీ కప్పులో టీ చల్లారిపోయింది. నేల చెక్కలు పుచ్చిపోయాయా? ముసలాయనకి చెవుడు వచ్చిందా? చప్పుడు చేయించి, ఆనక కోర్టుకి ఈడుస్తాడా? రెండు రోజులు ఆ గొడవే. చివరికి ఆత్రం ముందు అలక ఓడిపోయింది. మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ దిగి, తలుపు కొట్టింది.

తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. పిండి బస్తాలు అవలీలగా మోసిన మనిషి, నడకకి ఊతమిచ్చే ఇనప చట్రం పట్టుకుని, సగమైపోయి నిలబడ్డాడు.

"అయ్యో, ఏమైందండీ మీకు?"

"మార్చిలో వంటింట్లో పడ్డాను. తుంటి విరిగింది. పొద్దున పడితే, సాయంత్రం కరెంటు మీటరు చూసేవాడు వచ్చేదాకా నేల మీదే."

"నన్ను పిలవచ్చుగా!"

"పిలిచాను. గొంతు పోయేదాకా పిలిచాను. అసలు మీరు పైన ఉన్నారో లేదో నాకేం తెలుసు? అడుగుల చప్పుడుంటేనే కదా."

ఐవీ అడక్కుండానే కుర్చీలో కూలబడింది. ఆ రోజు ఇంట్లోనే ఉంది. ఆ దళసరి కార్పెట్ దాటి పిలుపు పైకి రాలేదు. సాయంత్రం అంబులెన్సు కిటికీలోంచి చూసింది కూడా. చూసి, నాకెందుకులే అని పరదా లాగేసింది. వీధిలో ఎవరింటి ముందు అంబులెన్సు ఆగినా మొదట పరిగెత్తే మనిషి తను. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"మీరు అమ్మేసి వెళ్తారని తెలుసు. లీజు పెంచుకునేది అందుకేగా," అన్నాడు మోఫట్. "వెళ్లండి, సంతకం పెడతాను. తర్వాత వచ్చేవాళ్లు ఎవరైనా సరే, నడిస్తే వినబడాలి. అంతే."

"ఈ ముక్క మీ లాయరుకి చెప్పొచ్చుగా?"

"ఏమని? ఒంటరిగా భయమేస్తోందనా? గంటకింతని డబ్బు లాగేవాడికా?"

ఐవీ పైకి వెళ్లి బెరిల్‌కి ఫోన్ చేసింది. వచ్చే వసంతం దాకా రాలేనంది. ఎందుకని బెరిల్ ఎంత తరచి అడిగినా చెప్పలేదు. అడగడమే తప్ప చెప్పడం ఐవీకి అలవాటు లేదు. తర్వాత వంటింటి కత్తి తీసుకుని, గదిలో చలి కాచుకునే పొయ్యి దగ్గర్నుంచి కిటికీ దాకా కార్పెట్ కోసి చుట్టేసింది. సంతకాలింకా కాలేదు, లీజు ప్రకారం అది తప్పే. బయటికి వేసుకునే గట్టి బూట్లు తొడుక్కుని ఆ చెక్కల మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడిచింది. ఆగింది. మళ్లీ నడిచింది. కింద ఎలా ఉందో తెలుసుకోకపోతే ప్రాణం నిలవదు కదా, మళ్లీ మెట్లు దిగింది.

"వినబడిందా?"

"వినబడింది," అన్నాడు మోఫట్. "కిటికీ దగ్గర ఆగిపోయారేం?"

"మీరు పిలుస్తున్నారేమోనని."