ఫిల్మ్‌నగర్ ఫైటర్ ఈసీజీ

అది 1995. ఇంజనీరింగ్ కాలేజీలో బయోమెడికల్ పాఠాలు చెబుతూ, ఫిల్మ్‌నగర్‌లో ఒక చిన్న నర్సింగ్‌హోమ్ యంత్రాలు కూడా చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం మా పాపకు ఒళ్లు వెచ్చబడింది. వెంగళరావు నగర్‌లో పక్కింటి పిన్నిగారికి అప్పగించి వచ్చానే కానీ, నా ప్రాణమంతా అక్కడే ఉంది.

ఈసీజీ మెషిన్ పిచ్చిగీతలు గీస్తోందని నర్సింగ్‌హోమ్ వాళ్లు పిలిస్తే వచ్చాను. గుండెలో పుట్టే సన్నటి కరెంటును కాగితం మీద గీతగా చూపే యంత్రం అది.

మంచం మీద యాదగిరి అనే సినిమా ఫైటర్. కృష్ణానగర్ మనిషి. పౌరాణికం షూటింగ్‌లో రాక్షస వేషంతో తాడుకు వేలాడుతూ సొమ్మసిల్లాడట. అతని గీత రంపపు పళ్లలా ఉంది. నర్సుకు ఈసీజీ తీసి చూశాను. చక్కగా వచ్చింది.

"మెషిన్ బాగానే ఉందండీ" అన్నాను ధీమాగా, పాప దగ్గరికి వెళ్లే తొందరలో.

"అయితే తేడా ఇతని గుండెలోనే. ఫైట్లు మానెయ్యమని రాసిచ్చేస్తాను" అన్నాడు కొత్తగా చేరిన డ్యూటీ డాక్టరు.

యాదగిరి భార్య ముఖం పాలిపోయింది. "అట్ల రాయకుండ్రి సార్! ఫైట్ మాస్టర్ మళ్ల పిలుస్తడా? గీయనకు వేరే పనేమొస్తది?"

నేను అన్న ఒక్క మాట అతని పొట్ట మీద కొట్టబోతోంది. ఎలక్ట్రోడ్లు సరిచూద్దామని అతని చెయ్యి పట్టుకుంటే వేళ్లు జారాయి.

"ఒంటికేం రాశావయ్యా?"

"రాసుడు గాదు మేడం, తుడుసుడు. ఒళ్లంత నల్ల మేకప్ ఉండె. కొబ్బరినూనె పెట్టి మంచిగ తుడుసుకున్న."

"గట్లనే వస్తే నర్సమ్మ జడుసుకోదా? నేనే తుడుసుకొమ్మన్న" అంది భార్య.

మేకప్‌ను నూనెతో తీయడం సినిమావాళ్ల అలవాటు. ఎలక్ట్రోడ్ అంటే చర్మానికి ఆనించే లోహపు బిళ్ల. మధ్యలో నూనె పొర ఉంటే గుండె కరెంటు దానికి సరిగా అందదు. గదిలోని వైర్ల కరెంటు చొరబడి గీతను చెడగొడుతుంది. సబ్బునీళ్లతో, తర్వాత స్పిరిట్‌తో రుద్ది తుడిపించాను. కరెంటు బాగా అందేలా చేసే జెల్లీ రాసి మళ్లీ తీశాం. గీత నిలకడగా నడిచింది.

పెద్ద డాక్టరుగారు వచ్చి, అతన్ని పరీక్షించి, ఆ కాగితం చూశారు. "గుండె బ్రహ్మాండంగా ఉంది. లైట్ల వేడికి, వేషం బరువుకు కళ్లు తిరిగాయంతే."

"రేపు తాడెక్కొచ్చా సార్?"

"రేపా? ముందు ఇంటికి నడువు" అని భార్యే జవాబిచ్చింది.

ఇప్పుడు నా విద్యార్థులకు మొదటి రోజే చెబుతాను: మెషిన్ బాగుందని తేల్చగానే పని అయిపోయిందనుకోకండి. తప్పు యంత్రంలో లేదన్నారంటే, అది మంచం మీది మనిషిలో ఉందన్నట్టే. ఆ మాట అనేముందు ఒక్కసారి అతని చర్మం ముట్టుకుని చూడండి.