మాస్టారి గుమ్మంలో చేపల గంప

ఈ ఉదయం నరసన్నపేట బస్సులో ఎవరి సంచిలోంచో ఎండు నెత్తళ్ళ వాసన వచ్చింది. ఆరో తరగతి నేస్తాల్లారా, మన ఇంగ్లీషు మాస్టారు గుర్తున్నారా? లోపలికి, బయటికి అనే మాటలకు ఇంగ్లీషు మనల్ని నడిపించి నేర్పేవారు. మీరంతా గదిలోకి నడిచేవారు. బయటికి నడిచేది మాత్రం రోజూ నేనే.

"చేపల కంపు! బయటికెళ్ళి నిలబడు," అనేవారు. "షి ఈజ్ గోయింగ్ అవుట్ ఆఫ్ ది రూమ్" అని మీరు కోరస్‌గా అరిచేవారు. మీ గొంతులు కూడా నేను మరిచిపోలేదు. పాఠం అయ్యేదాకా వరండాలోనే ఉండేదాన్ని. చివరికి ఒకరోజు, ఇంటింటికీ చేపలమ్మే మా అమ్మకి చెప్పేశాను.

ఆ ఆదివారం మాస్టారింటికి కొత్తల్లుడు వచ్చాడు. అమ్మ చేపల గంపతో వెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను.

"చందువా చేపలు లోపలికి పట్టుకురా," అన్నారు మాస్టారు.

అమ్మ గుమ్మంలోనే ఆగింది. నెత్తి మీది గంప దించలేదు.

"నా సేపలు మీ వంటింట్లోకి రావొచ్చు గానీ, నా పిల్ల మీ గదిలోకి రాకూడదేటి బాబూ? పదవే!"

మెట్లు దిగుతూ నేను వెనక్కి తిరిగి, అల్లుడికి కూడా వినపడేలా అరిచాను.

"ఫిష్ ఈజ్ గోయింగ్ అవుట్ ఆఫ్ ది హౌస్, సార్!"

ఆయన నేర్పిన ఇంగ్లీషులో నేను తడబడకుండా చెప్పిన మొదటి వాక్యం అదే.