తిరిగొచ్చాక వేసుకునే మాత్ర

"వెళ్ళేటప్పుడు ఒక్కతే వెళ్ళింది, వచ్చేటప్పుడు ఇద్దరై వచ్చింది."

టార్పాలిన్ల అక్క గురించి వీధి కుళాయి దగ్గర పుట్టిన మాట ఇది. బిందె నిండేలోపు ఆ మాటకి కాళ్ళొచ్చాయి, సందు మలుపు తిరిగేసరికి రెక్కలొచ్చాయి. సాక్ష్యాలకీ కొదవ లేదు. పొద్దున్నే ఇచ్చిన టీ గ్లాసు పక్కకి తోసేస్తోంది. తిన్న కాసేపటికి గుండెల మీద చెయ్యి వేసుకుంటోంది. ఎండ పొడ తగిలితే చాలు, నీడకి జరుగుతోంది. అన్నిటికీ మించి, రోజూ తప్పకుండా ఒక మాత్ర మింగుతోంది. జ్వరం లేదు, దగ్గు లేదు. మరెందుకు మింగుతున్నట్టు?

"ముగ్గుర్ని కన్నదాన్ని, నాకు చెప్పొచ్చారా?" అని ఎదురింటి ఇస్త్రీ ఆవిడ తేల్చేసింది. ఇక అప్పీలు లేదు.

అక్కకి నలభైకి రెండేళ్ళు తక్కువ. ఎప్పుడో ఒక సంబంధం కుదిరినట్టే కుదిరి చెడితే, "ఇక ఆ ఊసెత్తొద్దు" అని తమ్ముడికి చెప్పి మిషను ముందు కూర్చుంది. తమ్ముడికి పెళ్ళయింది. రెండు గదుల ఇంట్లో తమ్ముడు, మరదలు, తను. ఇంట్లో కేకలు లేవు. అలాగని కబుర్లూ పెద్దగా లేవు.

పొద్దంతా రేకుల షెడ్డులో ఉంటుంది. గోడ పొడవునా టార్పాలిన్ చుట్టలు, మధ్యలో పెద్ద మిషను. అంచు మడిచి, లోపల తాడు పెట్టి, రెండు వరసలు కుట్టాలి. ఆ తర్వాత కన్నాలు పొడిచి ఇత్తడి రింగులు బిగించాలి. అదంతా ఎవరైనా చేస్తారు. అక్క పనితనం వేరే చోట ఉంది. పాత టార్పాలిన్ మరమ్మతుకి వస్తే పెరట్లో కర్రల మీద పరిపించి, తను కిందకి దూరుతుంది. లోపలి నుంచి చూస్తే ప్రతి చిల్లూ ఒక వెలుగు చుక్క. సూది మొనంత చుక్కని కూడా వదలకుండా సుద్దముక్కతో గుర్తు పెడుతుంది. అక్క చూసిన టార్పాలిన్ మళ్ళీ కారిందని ఇంతవరకు ఎవరూ తిరిగి తేలేదు.

అడవిలో వంతెన కడుతున్నవాళ్ళ గుడారాలు గాలికి చిరిగిపోయాయి, కుట్టేవాళ్ళని పంపమని కబురొచ్చింది. షెడ్డు యజమాని మగవాళ్ళ వైపు చూశాడు. మగవాళ్ళు పైకప్పు వైపు చూశారు. అక్కడ మలేరియా ఉందని అందరికీ తెలుసు.

"నేను వెళ్తాను," అంది అక్క. ఆ షెడ్డులో ఆమె గొంతు అంత గట్టిగా వినబడటం అదే మొదలు.

బయల్దేరే ముందు వంతెన కాంట్రాక్టరు లారీలో వెళ్ళేవాళ్ళందరినీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడగాల్సినవి అడిగి, ఒకే మాట అందరికీ చెప్పింది. ఇది మామూలుగా ఇన్ఫెక్షన్లకి వాడే యాంటీబయాటిక్కే, మలేరియా రాకుండా కూడా పనిచేస్తుంది. వెళ్ళే ముందు మొదలుపెట్టాలి, అక్కడున్నన్నాళ్ళూ రోజూ వేసుకోవాలి, తిరిగొచ్చాక ఇంకో నాలుగు వారాలు వేసుకోవాలి. తిన్నాక వేసుకోవాలి, పాలూ టీలతో కాదు, నిండు గ్లాసు నీళ్ళతో. వేసుకున్నాక కాసేపు నిటారుగా ఉండాలి. ఎండ పడదు, ఒళ్ళు కప్పుకోవాలి. మాత్ర ఉంది కదా అని దోమతెర మానకూడదు.

అక్క అన్నీ విన్నది. వినీ ఒక తప్పు చేసింది. మిషను దగ్గర నీళ్ళు పెట్టుకోకూడదన్నది షెడ్డు కట్టుబాటు. అందుకే కుట్టేవాళ్ళందరికీ మాత్ర నోట్లో వేసుకుని ఉమ్ముతో మింగేసే అలవాటు. అడవిలో మొదటి రోజు అక్క అలాగే మింగి, ప్రయాణం బడలికకి నడుం వాల్చింది. మాత్ర గొంతు దిగువన ఎక్కడో అతుక్కుంది. నిప్పు కణిక మింగినట్టు రెండు రోజులు మెతుకు దిగలేదు. ఆ తర్వాత మాత్ర వేసుకుంటే కొయ్యలా నిలబడటం నేర్చుకుంది. ఇంటికొచ్చాక కూడా, తొందరలో వెంటనే వంగి కుట్టడం మొదలెడితే ఆ మంట పలకరించేది. చెయ్యి దానంతటదే గుండెల మీదకి పోయేది.

ఇస్త్రీ ఆవిడ చూసింది ఆ చేతినే.

కుళాయి దగ్గరి మాట అక్క చెవిన పడటానికి ఎంతోసేపు పట్టలేదు. ఒళ్ళు మండింది. కానీ వెళ్ళి ఎవరికని చెప్తుంది? చెప్పబోతే సంజాయిషీ, చెప్పకపోతే ఒప్పుకోలు. అయితే అసలు గుబులు అది కాదు. వచ్చే నెల లారీ మళ్ళీ అడవికి వెళ్తుంది. వానలకి ముందు గుడారాలన్నీ తిరగేసి కుట్టాలి. అక్కకి ఆ లారీ ఎక్కాలని ఉంది. అక్కడ గాలి ఎటు వీస్తోందో చూసి, "ద్వారం ఇటు తిప్పండి" అంటే అంతలేసి మగవాళ్ళూ తిప్పారు. "అక్కా, ఈ తాడు చాలా?" అని అడిగి మరీ కట్టారు. బతుకులో తన మాట అడిగి పని చేసినవాళ్ళు వాళ్ళే.

యజమాని మాత్రం ఈసారి నీళ్ళు నములుతున్నాడు. "చూద్దాంలే అమ్మా. నీ ఒంట్లో ఎలా ఉందో ఏమో."

ఒంట్లో బాగానే ఉందని చెప్పింది. ఆయన ఆమె మొహం కేసి కాకుండా మిషను కేసి చూస్తూ తలాడించాడు.

ఆ రోజు ఇంటికొస్తూ ఒక నిర్ణయానికొచ్చింది. అడవి వదిలేసి వచ్చాం, దోమలూ అక్కడే ఉండిపోయాయి. ఈ మాత్ర మానేస్తే టీ తాగొచ్చు, ఎండలోకి వెళ్ళొచ్చు, నోళ్ళు మూతపడతాయి, లారీలో చోటు దొరుకుతుంది. మర్నాడు మాత్రల అట్టని పెట్టె అడుక్కి తోసేసి, టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది.

సరిగ్గా అప్పుడే తమ్ముడు వీధిలోంచి వస్తూ చెప్పాడు. "అక్కా, మీతో వచ్చిన వెల్డరు లేడూ? వణుకుడు జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాడు. రక్తం పరీక్ష చేస్తే మలేరియా అని తేలిందట. ఇంటికొచ్చిన మర్నాడే మాత్రలు మానేశాడట. వాళ్ళావిడ నెత్తీ నోరూ కొట్టుకుంటోంది."

అక్కడ కుట్టిన దోమ ఇచ్చిన పురుగు ఒంట్లో నక్కి ఉండి తర్వాత బయటపడుతుందని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. అక్క టీ గ్లాసు కింద పెట్టేసింది. ఇంత తిని, అట్ట వెతికి తీసి, మాత్ర వేసుకుని గ్లాసు నీళ్ళూ తాగి, గుమ్మం దగ్గర కొయ్యలా నిలబడింది. ఇస్త్రీ ఆవిడకి కనబడేలాగే నిలబడింది.

తమ్ముడు పనికెళ్ళాక మరదలు దగ్గరికొచ్చింది. కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"వదినా, ఒక్క మాట అడుగుతాను. తిట్టకూడదు."

"అడుగు."

"మరి... ఎన్నో నెల?"

ఇంకో గుక్క నీళ్ళు తాగబోయిన అక్కకి పొలమారింది. దగ్గూ నవ్వూ కలిసి చాలాసేపు తెమల్లేదు.

"అందుకా, వారం నుంచి కూరలో నిమ్మకాయలు పిండేస్తున్నావు!"

"పుల్లగా తినాలనిపిస్తుందేమోనని..." మరదలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎవరేమన్నా నేను చూసుకుందామనుకున్నాను వదినా. ఆయనకి ఎలా చెప్పాలా అనే భయం."

అక్క నవ్వు ఆగిపోయింది. ఈ పిల్ల తనని అనుమానించిందని కోపం రావాలి. రాలేదు. తనకోసం నిమ్మకాయలు పిండినవాళ్ళు ఇదివరకు ఎవరున్నారు?

"పిచ్చిదానా, కూర్చో," అని పక్కన కూర్చోబెట్టుకుంది. "డాక్టరమ్మ నన్ను అడిగిన మొదటి ప్రశ్నే అది. కడుపుతో ఉన్నావా, ఉండే అవకాశం ఉందా అని. ఉంటే ఈ మాత్ర ఇవ్వరట, బిడ్డకి మంచిది కాదట. లేదని చెప్పాకే రాసింది."

మరదలు ఆ మాట బిందెతో పాటే కుళాయి దగ్గరికి మోసుకెళ్ళింది. గొంతు పెంచి మరీ చెప్పింది. కొందరు నమ్మారు. "నిప్పు లేందే పొగ రాదు," అంది ఇస్త్రీ ఆవిడ. "పొద్దస్తమానం నిప్పులపెట్టె పట్టుకునేది నువ్వేగా పిన్నీ!" అంది మరదలు. కుళాయి దగ్గర నవ్వులు లేచాయి. ఇస్త్రీ ఆవిడ మూతి ముడుచుకుంది గాని, అభిప్రాయం మార్చుకోలేదు.

అక్క నాలుగు వారాలూ పూర్తి చేసింది. ఆఖరి మాత్ర వేసుకున్న రోజే యజమాని ముందుకెళ్ళి నిలబడింది.

"లారీలో నా చోటు ఉంచండి."

"ఉంచడానికేముందమ్మా... నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు. రేపు ఏదైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది."

అక్క చేతిలోని సుద్దముక్కని రెండు వేళ్ళ మధ్య తిప్పింది.

"వాళ్ళనుకునేది డాక్టరమ్మ పోయినసారే నన్ను అడిగింది బాబూ. కాదంటేనే మాత్రలిచ్చింది. ఈసారీ అడుగుతుంది. మీరు ఇబ్బంది పడక్కర్లేదు."

యజమాని మెడ తడుముకున్నాడు. "పెద్ద సూదులు మర్చిపోకు, అక్కడ దొరకవు," అన్నాడు.

అక్క లారీ ఎక్కింది. ఒళ్ళో సూదుల డబ్బా, సంచిలో కొత్త మాత్రలు, మరదలు బలవంతంగా పెట్టిన నీళ్ళ సీసా. కుళాయి దగ్గర ఆ సాయంత్రం కూడా ఆమె మాటే నడిచింది. మొదటిసారి ఎందుకెళ్ళిందో, మళ్ళీ ఎందుకెళ్తోందో అన్నీ మాట్లాడుకున్నారు.

డ్రైవరు దగ్గర్నుంచి ఇంజనీరు దాకా, ఆ లారీలో వెళ్ళిన మగవాళ్ళందరికీ డాక్టరమ్మ రాసింది ఆ మాత్రే.